యూసీఎల్‌ఏ హాల్ ఆఫ్ ఫేమ్: ఆటగాళ్ల సరసన కోచ్‌లను నిలబెట్టడం గురించి

కృష్ణాతీరం:

సభ్యులందరికీ నమస్కారం. మా అమ్మాయి లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో (యూసీఎల్‌ఏ) చదువుకుంటున్నది. ఈమధ్య ఆమెను చూడటానికి వెళ్లినప్పుడు, క్లాసు ముగిసేదాకా ఎక్కడో ఒకచోట కూర్చుందామని వెతుక్కుంటూ క్యాంపస్ నడిమధ్యనున్న జె.డి. మోర్గన్ సెంటర్‌లోకి వెళ్లాను. విశ్వవిద్యాలయం వారి క్రీడల హాల్ ఆఫ్ ఫేమ్, అంటే తమ క్రీడల్లో గొప్పవారి పేర్లను గౌరవంగా నిలిపే చోటు, అందులోనే ఉన్నది. లోపలికి వెళ్లడానికి టికెట్టు అక్కర్లేదు. అరగంట అనుకున్నది రెండు గంటలు పట్టింది. చివరికి అమ్మాయే వచ్చి నన్ను బయటికి లాక్కెళ్లింది.

ఈ హాల్ 1984లో 25 మంది పేర్లతో మొదలైంది. బేస్‌బాల్‌లో జాతి అడ్డుగోడను కూల్చిన జాకీ రాబిన్సన్, వింబుల్డన్ గెలిచిన ఆర్థర్ యాష్, పది అంశాల డెకాథ్లాన్ పోటీ వీరుడు రేఫర్ జాన్సన్ అందులో ఉండటం సహజమే. బాస్కెట్‌బాల్ కోచ్ జాన్ వుడెన్ పేరు కూడా విన్నదే. ఆయన ఇంట్లో చదువుకునే గదిని ఉన్నదున్నట్టుగా అక్కడ తిరిగి ఏర్పాటు చేశారు. అయితే ఆ తొలి విడతలోనే ‘డకీ’ డ్రేక్ అనే కోచ్ పేరు చూసి ఆగిపోయాను. ఈయనెవరు నాన్నా అని అమ్మాయి అడిగితే నా దగ్గర జవాబు లేకపోయింది. పతకం గెలిచినవారి పక్కన, గెలిపించినవారిని అదే ఎత్తులో నిలబెట్టే పద్ధతి మన కళాశాలల్లో నేను చూడలేదు. తెలిసినవారు ఆ కోచ్ గురించి, అసలు ఈ గౌరవం ఎవరికి ఎందుకు ఇస్తారన్నదాని గురించి రాయగలరని మనవి.

పాత_పీడీ:

కృష్ణాతీరం గారూ, నేను గుంటూరు జిల్లాలో ఒక డిగ్రీ కళాశాలలో ఫిజికల్ డైరెక్టరుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని. మీరు అడిగిన పేరు మా తరం అథ్లెటిక్స్ వాళ్లకు బాగా తెలిసినదే కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను, ఓపికతో చదవండి.

ఎల్విన్ డ్రేక్ 1920లలో అదే విశ్వవిద్యాలయంలో చదువుతూ పరుగు పందేలలో పాల్గొన్నవాడు. తరువాత అక్కడే ట్రాక్ కోచ్ అయ్యాడు. ఆయన చేతికింద 1956లో జట్టు జాతీయ విశ్వవిద్యాలయాల ఛాంపియన్‌షిప్ గెలిచింది. దానితోపాటు ఆటగాళ్ల చీలమండలకు పట్టీలు చుట్టే ట్రైనర్ పని కూడా ఆయనదే. వుడెన్ బాస్కెట్‌బాల్ కుర్రాళ్లకు కూడా ఆ పట్టీలు చుట్టింది ఈ చేతులే. అంటే మన కళాశాలల్లో మైదానానికి సున్నపు గీతలు గీయించేదీ, దెబ్బ తగిలితే ఐసు తెప్పించేదీ, పోటీల ప్రయాణానికి బస్సు మాట్లాడేదీ ఒకే పీడీ అయినట్టన్నమాట.

ఆయన గొప్పతనం తెలియాలంటే 1960 రోమ్ ఒలింపిక్స్‌కు వెళ్లాలి. డెకాథ్లాన్‌లో అమెరికా పక్షాన రేఫర్ జాన్సన్, తైవాన్ పక్షాన సి.కె. యాంగ్ దిగారు. ఇద్దరూ యూసీఎల్‌ఏలో ఒకే మైదానంలో సాధన చేసినవారు, స్నేహితులు, ఇద్దరికీ గురువు డ్రేకే. రెండు రోజుల్లో పది అంశాలు. మొదటిరోజు వాన పడి పోటీలు బాగా పొద్దుపోయేదాకా సాగాయి. పదింటిలో ఏడు అంశాల్లో యాంగ్‌దే పైచేయి. కానీ షాట్‌పుట్, డిస్కస్, జావెలిన్ అనే మూడు విసురు అంశాల్లో జాన్సన్ ఎంత ముందుకు వెళ్లాడంటే మొత్తం పాయింట్లలో అతడే పైన నిలిచాడు. ఇక మిగిలింది 1500 మీటర్ల పరుగు. అందులో యాంగ్ జాన్సన్‌ను దాదాపు పది సెకన్ల తేడాతో ఓడిస్తే స్వర్ణం యాంగ్‌ది, లేకపోతే జాన్సన్‌ది.

అప్పుడు ఇద్దరూ విడివిడిగా డ్రేక్ దగ్గరికి వెళ్లారు. యాంగ్‌తో ఆయన, నువ్వు వీలైనంత ముందుకు దూసుకుపో, జాన్సన్ నీతో కలిసి పరుగెత్తలేడు అని చెప్పాడు. జాన్సన్‌తో, యాంగ్ వీపు వదలకు, అతడు ఎక్కడ వేగం పెంచితే అక్కడ నువ్వూ పెంచు అని చెప్పాడు. రెండు సలహాలూ నిజమే, రెండూ నిజాయితీగా ఇచ్చినవే. ఇద్దరు శిష్యులు ఒకరినొకరు ఓడించుకోవలసి వచ్చిన పూట ఏ ఒక్కరి దగ్గరా ఏదీ దాచని గురువును నేను ఇంకెక్కడా చూడలేదు. నా ఉద్యోగకాలంలో మా కళాశాల కుర్రాళ్లే ఇద్దరు విశ్వవిద్యాలయ పోటీల తుది పందెంలో తలపడినప్పుడు, వాళ్లలో బాగా చదివేవాడి వైపు నా మనసు మొగ్గింది. మైదానం అంచున నిలబడి వాడి పేరొక్కటే పిలిచాను. రెండోవాడు వెనక్కి తిరిగి చూశాడు. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తున్నది.

లెక్కల_పుస్తకం:

మాస్టారూ, చాలా బాగా రాశారు. అంకెలు నేను చేరుస్తాను. ఆఖరి పరుగుకు ముందు జాన్సన్ ఆధిక్యం 67 పాయింట్లు. యాంగ్ 4 నిమిషాల 48.5 సెకన్లలో ముగించాడు, జాన్సన్ 4 నిమిషాల 49.7 సెకన్లలో వచ్చాడు. తేడా 1.2 సెకన్లు మాత్రమే. అంతకు ముందు జాన్సన్ ఏనాడూ ఆ దూరాన్ని అంత వేగంగా పరుగెత్తి ఉండలేదు. తుది లెక్క జాన్సన్‌కు 8392, యాంగ్‌కు 8334. అంటే 58 పాయింట్ల తేడా. గీత దాటాక ఇద్దరూ ఒకరిమీద ఒకరు ఒరిగి నిలబడ్డారు.

ఇంకొక మాట. యాంగ్ 1963లో కాలిఫోర్నియాలోనే 9121 పాయింట్లతో ప్రపంచ రికార్డు నెలకొల్పాడు. ఆ రోజు పోల్‌వాల్ట్‌లో అతడు ఎగిరిన ఎత్తుకు అప్పటి పాయింట్ల పట్టికలో చోటే లేదు. మరుసటి ఏడాది పట్టికనే మార్చారు. ఆ మార్పు యాంగ్‌కు నష్టం చేసిందని అంకెలు చూసిన ఎవరికైనా అర్థమవుతుంది.

నిజాం_నగర్:

అందరికీ ఆదాబ్. కోచ్‌ల గౌరవం విషయంలో నాకు పేచీ లేదు. నా అనుమానం వేరు. ఈ హాల్‌లు విశ్వవిద్యాలయంలో చేసిన పనికి గౌరవం ఇస్తున్నాయా, లేక బయటికి వెళ్లాక వచ్చిన పేరును తెచ్చి తమ గోడకు తగిలించుకుంటున్నాయా? జాకీ రాబిన్సన్‌నే తీసుకోండి. ఆయన ప్రపంచానికి తెలిసింది బేస్‌బాల్‌తో. కానీ 1940లో యూసీఎల్‌ఏ బేస్‌బాల్ జట్టులో ఆయన బ్యాటింగ్ సగటు .097. అంటే పదిసార్లు బ్యాటు పట్టుకుంటే ఒక్క హిట్ కూడా పూర్తిగా దక్కనట్టు లెక్క. పైగా 1941లో పట్టా తీసుకోకుండానే చదువు మానేశాడు. 1947లో వృత్తి బేస్‌బాల్ జట్టు బ్రూక్లిన్ డాడ్జర్స్ తరఫున దిగకపోయి ఉంటే ఈ గోడమీద ఆయన ఉండేవాడా?

లెక్కల_పుస్తకం:

ఉండేవాడు, నిజాం_నగర్ గారూ. మీరు చెప్పిన .097 నిజమే. నాలుగు ఆటల్లో ఆయన అన్నిటికంటే బలహీనంగా ఆడింది, విచిత్రంగా, బేస్‌బాలే. మిగతా మూడూ చూడండి. 1939 అమెరికన్ ఫుట్‌బాల్ సీజన్‌లో, అవతలి జట్టు కాలితో దూరంగా తన్నిన (పంట్ చేసిన) బంతిని అందుకుని తిరిగి పరుగెత్తిన సగటులో దేశం మొత్తానికి ఆయనే మొదటివాడు. బాస్కెట్‌బాల్‌లో తమ కాన్ఫరెన్స్ (విశ్వవిద్యాలయాల లీగు) దక్షిణ విభాగంలో 1940, 1941 రెండేళ్లూ అందరికంటే ఎక్కువ పాయింట్లు చేశాడు. 1940లో జాతీయ విశ్వవిద్యాలయాల లాంగ్ జంప్ విజేత. ఒకే ఏడాదిలో నాలుగు ఆటల్లో విశ్వవిద్యాలయ ప్రథమ జట్టు గుర్తింపు పొందిన తొలి యూసీఎల్‌ఏ క్రీడాకారుడు ఆయనే. ఆయన తరువాత ఏమీ చేయకపోయినా కళాశాల లెక్కలో ఆ చోటు ఆయనదే.

గోడకు తగిలించుకోవడం అని మీరన్న మాటకు మాత్రం ఒక చిన్న రుజువు నా దగ్గరే ఉన్నది. 2014లో యూసీఎల్‌ఏ అన్ని ఆటల్లోనూ 42 అనే సంఖ్యను ఇక ఎవరూ ధరించకూడదని పక్కన పెట్టింది. 42 డాడ్జర్స్ చొక్కా మీది సంఖ్య. ఈ విశ్వవిద్యాలయం ఫుట్‌బాల్ మైదానంలో ఆయన ధరించింది 28.

నిజాం_నగర్:

ఒప్పుకుంటున్నాను, లాంగ్ జంప్ సంగతి నాకు తెలియదు. 42 విషయంలో మాత్రం నా మాట నిలబడ్డట్టే! ఆ 1939 జట్టులోనే ఉన్న కెన్నీ వాషింగ్టన్ గురించి కూడా ఎవరైనా చెప్పాలి. రాబిన్సన్ కంటే ఏడాది ముందే, 1946లో, లాస్ ఏంజెలెస్ రామ్స్ జట్టులో చేరి వృత్తి ఫుట్‌బాల్‌లో అప్పటివరకు పన్నెండేళ్లుగా నల్లజాతివారికి మూసి ఉన్న తలుపు తెరిచినవాడు ఆయన. అప్పటికే వయసు, మోకాళ్లు రెండూ సహకరించని స్థితిలో ఉన్నాడు. ఆయన మంచి సంవత్సరాలన్నీ చిన్నచిన్న లీగుల్లో గడిచిపోయాయి. బయటి ప్రపంచం ఆలస్యం చేసిన గౌరవాన్ని కళాశాల గోడ అయినా నిలుపుకున్నందుకు సంతోషిస్తున్నాను.

శాంతి_అర్వైన్:

నేను ఇక్కడే దక్షిణ కాలిఫోర్నియాలో ఇరవై ఏళ్లుగా ఉంటున్నాను. నా కూతుళ్లిద్దరూ వాలీబాల్ ఆడినవారు కాబట్టి ఆ హాల్‌కు చాలాసార్లు వెళ్లాను. అన్నయ్యగార్లందరూ మొదటి 25 మందిని మెచ్చుకున్నారు గానీ, ఆ జాబితాలో ఒక్క మహిళ కూడా లేదన్న సంగతి ఇంతవరకు ఎవరి చూపులోనూ పడలేదు. ఈ హాల్‌లోకి మొదటి మహిళ వచ్చింది 1988లో. ఆమె బాస్కెట్‌బాల్ క్రీడాకారిణి యాన్ మేయర్స్.

ఆమె కథ కొంచెం చెప్పాలి. విద్యలో లింగవివక్షను నిషేధించిన టైటిల్ నైన్ చట్టం 1972లో వచ్చింది. రెండేళ్ల తరువాత, 1974లో, యూసీఎల్‌ఏ పూర్తి క్రీడా స్కాలర్‌షిప్ ఇచ్చిన మొదటి మహిళ మేయర్స్. ఆమె అన్న డేవ్ అప్పటికే వుడెన్ జట్టులో ఆడుతున్నాడు. 1978లో ఒక ఆటలో ఆమె 20 పాయింట్లు, 14 రీబౌండ్లు (గురి తప్పిన బంతిని అందుకోవడం), 10 అసిస్టులు (తోటివారి బుట్టకు బంతి అందించడం), 10 స్టీల్స్ (ఎదుటివారి నుంచి బంతి లాక్కోవడం) చేసింది. బాస్కెట్‌బాల్ చూసేవారికి ఈ నాలుగు అంకెలు ఒకేచోట చదివితే కళ్లు తిరుగుతాయి. ఆ ఏడాదే తమ సొంత మైదానమైన పాలీ పెవిలియన్‌లో మేరీల్యాండ్‌ను 90-74తో ఓడించి జట్టు జాతీయ విజేత అయింది. కోచ్ బిల్లీ మూర్. 1976 ఒలింపిక్స్‌లో అమెరికా మహిళల జట్టుకు కోచ్ కూడా ఆవిడే. అయితే అప్పట్లో మహిళల పోటీలను నడిపింది వేరే సంఘం. పురుషుల పోటీలు నడిపే ఎన్‌సీఏఏ 1980ల మొదట్లో గానీ మహిళల ఛాంపియన్‌షిప్‌లను చేపట్టలేదు. అందువల్ల ఎన్‌సీఏఏ ట్రోఫీల లెక్క చెప్పినప్పుడల్లా ఆ 1978 విజయం లెక్కకు రాదు. జట్టు గెలిచింది, ప్రేక్షకులు చూశారు, కానీ పద్దులో లేదు. ఇటువంటి పద్దులు మన ఇళ్లలోనూ చాలా ఉంటాయి కాబట్టి నాకు వెంటనే అర్థమైంది.

అదే ప్రాంగణం నుంచి వచ్చిన జాకీ జాయ్‌నర్-కెర్సీ ఇక్కడ బాస్కెట్‌బాల్ కూడా ఆడింది. 1984 ఒలింపిక్స్‌లో ఏడు అంశాల హెప్టాథ్లాన్‌లో కేవలం 5 పాయింట్ల తేడాతో స్వర్ణం పోగొట్టుకుని, 1988 సియోల్‌లో 7291 పాయింట్లు సాధించింది. ఆ రికార్డు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. ఆమె కోచ్ బాబ్ కెర్సీనే 1986లో పెళ్లి చేసుకుంది.

కృష్ణాతీరం:

శాంతి గారూ, సిగ్గుపడుతూ ఒప్పుకుంటున్నాను. రెండు గంటలు అక్కడే తిరిగినా ఆ లెక్క వేసుకోలేదు. మా అమ్మాయి పక్కన ఉంటే తప్పకుండా అడిగి ఉండేది.

కొత్త_బ్యాచ్:

నేను అమెరికాలో ఎం.ఎస్. మొదటి ఏడాదిలో ఉన్నాను. పెద్దలు క్షమించాలి, ఒక సందేహం. వుడెన్ గారి గురించి అందరూ ఋషిలాగా మాట్లాడతారు. గెలవడానికి ఆయన దగ్గర కరీమ్ అబ్దుల్-జబ్బార్, బిల్ వాల్టన్ వంటి ఆటగాళ్లు ఉన్నారు కదా. అటువంటివారు ఉంటే ఎవరైనా గెలుస్తారేమో? రెండవది, మన తెలుగువారు ఎవరైనా ఇటువంటి అమెరికా విశ్వవిద్యాలయ జట్లలో ఆడారా?

పాత_పీడీ:

రెండవ ప్రశ్న ముందు. విశాఖలో టెన్నిస్ ఆడుతూ పెరిగిన సాకేత్ మైనేని అలబామా విశ్వవిద్యాలయం జట్టుకు ఆడాడు. ఆ తరువాతే 2014 ఆసియా క్రీడల్లో సానియా మీర్జాతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం గెలిచాడు. భారతీయుల్లో సోమ్‌దేవ్ దేవ్‌వర్మన్ వర్జీనియా తరఫున 2007, 2008లో వరుసగా విశ్వవిద్యాలయాల సింగిల్స్ విజేత. మైసూరులో పుట్టిన వికాస్ గౌడ నార్త్ కరోలినా తరఫున డిస్కస్ విజేత.

ఇక వుడెన్ సంగతి. నాయనా, ఆయన యూసీఎల్‌ఏకు వచ్చింది 1948లో, మొదటి జాతీయ టైటిల్ వచ్చింది 1964లో. ఈ మధ్యలో పదిహేను సీజన్లు ఉన్నాయి. పాలీ పెవిలియన్ 1965లో తెరిచారు; అంతకు ముందు సాధన పాత జిమ్‌లో. జిమ్నాస్టులూ కుస్తీవాళ్లూ అక్కడే సాధన చేసేవారు. బాస్కెట్‌బాల్ మొదలుపెట్టే ముందు నేలమీది దుమ్మును వుడెన్ స్వయంగా తుడిచేవాడు. మొదటి టైటిల్ గెలిచిన 1964 జట్టు ఒక్క ఆట కూడా ఓడలేదు, 30కి 30 గెలిచింది. ఆ జట్టు ప్రధాన ఆటగాళ్లలో ఆరడుగుల అయిదంగుళాలు మించినవాడు లేడు. మీరు చెప్పిన ఇద్దరు మహాకాయులూ అప్పటికి రానేలేదు.

ప్రతి సీజన్ మొదటిరోజు ఆయన చెప్పే మొదటి పాఠం మేజోళ్లు తొడుక్కోవడం. వేళ్ల దగ్గర, మడమ దగ్గర ముడత లేకుండా చేత్తో సర్దాలి, తరువాత బూటు లేసులు ఒక్కొక్క రంధ్రం దగ్గరా బిగించుకుంటూ రావాలి. ముడత ఉంటే బొబ్బ వస్తుంది, బొబ్బ వస్తే సాధన పోతుంది. దేశంలోకెల్లా పేరున్న కుర్రాళ్లను కూర్చోబెట్టి ఇది నేర్పేవాడు. నేనూ మా కబడ్డీ కుర్రాళ్లకు మోకాలిపట్టీ కట్టడం నేర్పబోతే నవ్వారు. రెండో వారానికల్లా నవ్విన ముగ్గురి మోకాళ్లు తోలు లేచిపోయాయి.

నిజాం_నగర్:

మాస్టారూ, వుడెన్ పట్ల నాకూ గౌరవమే. పన్నెండేళ్లలో పది టైటిళ్లు, వరుసగా 88 విజయాలు ఊరికే రావు. వాల్టన్ గడ్డం పెంచుకుని వచ్చి అది తన హక్కు అంటే, నీ నమ్మకాన్ని గౌరవిస్తాను, నువ్వు లేని లోటు మాత్రం మాకు తెలుస్తుంది అని చెప్పి గడ్డం తీయించిన కథ నాకూ ఇష్టమే. కానీ ఆ గోడమీద కనిపించని సంగతి ఒకటి ఉన్నది. ఆటగాళ్లకు నియమాలకు విరుద్ధంగా సాయాలు అందించిన ఒక ధనిక అభిమాని వ్యవహారం ఆ ఏళ్లలోనే మొదలైంది. వుడెన్ వెళ్లిపోయాక, 1981లో, ఎన్‌సీఏఏ ఆ విశ్వవిద్యాలయంపై చర్య తీసుకుని 1980 ఫైనల్‌కు చేరిన ఫలితాన్ని రద్దు చేసింది. వుడెన్ తప్పు చేశాడని నేను అనడం లేదు. చూడవలసిన వైపు గట్టిగా చూడలేదేమో అని ఆయన్ను అభిమానించేవారే అంటారు. గౌరవించే చోట ఈ సంగతికి కూడా ఒక చిన్న పలక ఉంటే ఆయన గౌరవం తగ్గేది కాదు.

శాంతి_అర్వైన్:

దీనితో ఏకీభవిస్తాను. ఒక చేర్పు: కోచ్‌ల విషయంలో వుడెన్ ఒక్కడి దగ్గరే ఆగవద్దు. పురుషుల వాలీబాల్ కోచ్ ఆల్ స్కేట్స్ 19 జాతీయ టైటిళ్లు గెలిపించాడు. వుడెన్ కంటే దాదాపు రెట్టింపు. వాలీబాల్ టీవీలో రాదు కాబట్టి ఆయన పేరు ఎవరికీ తెలియదు. జిమ్నాస్టిక్స్ కోచ్ వాలరీ కొండోస్ ఫీల్డ్ అసలు జిమ్నాస్టే కాదు, బాలే నర్తకి. అయినా ఏడు టైటిళ్లు తెచ్చింది. తనకు రాని విద్యలో గెలిపించడం ఎలాగో ఆవిడను చూసి నేర్చుకోవాలి.

వేదిక_నిర్వాహకులు:

చర్చ చాలా మర్యాదగా సాగుతున్నందుకు ధన్యవాదాలు. ద్రోణాచార్య అవార్డు ఎంపికలపై వచ్చిన మూడు వ్యాఖ్యలను వేరే అంశంగా విడదీశాము. ఇక్కడ కళాశాల స్థాయి గౌరవాలకే పరిమితం కావలసిందిగా కోరుతున్నాము.

కృష్ణాతీరం:

మాస్టారూ, ఒక మాట అడగవచ్చునా? మీ కళాశాలలో ఇటువంటిది ఏమైనా ఉండేదా?

పాత_పీడీ:

ఉండేది. ప్రిన్సిపాల్ గది బయట వరండాలో టేకు చెక్క బోర్డు, నల్ల రంగు మీద పసుపు అక్షరాలు. సంవత్సరం, ఆట, కెప్టెన్ పేరు అని మూడు గడులు. కోచ్‌కు గడి లేదు, జట్టులో మిగతావారికీ లేదు. మహిళల జట్లు వచ్చాక కింద మిగిలిన జానెడు చోటులో చిన్న అక్షరాలతో ఇరికించారు. కొత్త భవనం కట్టినప్పుడు బోర్డును స్టోరులో పెట్టారు; నేను రిటైరయ్యేనాటికి దానిమీద విరిగిన బెంచీలు ఉన్నాయి.

మీ చర్చ చదివాక నిన్న బీరువాలోంచి నా పాత హాజరు పుస్తకాలు తీశాను. అట్టలు చెదలు తిన్నాయి గానీ లోపలి పేజీలు బాగానే ఉన్నాయి. ఏ ఏడాది ఎవరు ఎంత దూరం విసిరారో, ఎంతలో పరుగెత్తారో అన్నీ నా చేతిరాతలోనే ఉన్నాయి. నాకంటే ముందున్న ఇద్దరు పీడీల పేర్లు కూడా దొరికాయి. నేను పేరు పిలవని ఆ రెండో కుర్రాడి సమయం కూడా ఉన్నది. మొదటివాడికంటే సెకనులో మూడు పదోవంతులు తక్కువ. ఆ పందెం గెలిచింది వాడే. ఈ పేజీలన్నీ కంప్యూటరులో ఎక్కించడానికి ఎవరైనా సాయం చేయగలిగితే ఈ చర్చలోనే చెప్పండి, ఫొటోలు తీసి పంపుతాను.

కొత్త_బ్యాచ్:

నేను ఎక్కిస్తాను మాస్టారూ. శనివారం నుంచి మొదలుపెట్టవచ్చు. కెప్టెన్‌లవి మాత్రమే కాకుండా అందరి పేర్లూ పంపండి.